ఆరేళ్ల గడియారం: టాంపా బే రేస్ తన స్టార్లను ఎందుకు అమ్ముకుంటుంది?

2008 అమెరికా బేస్‌బాల్ సీజన్ మొదలయ్యేనాటికి న్యూయార్క్ యాంకీస్ ఆటగాళ్ల జీతాలన్నీ కలిపితే దాదాపు 20.9 కోట్ల డాలర్లు. అదే డివిజన్‌లో, అంటే అదే గ్రూపులో, ఆడే ఫ్లోరిడా జట్టు టాంపా బే రేస్ జీతాల బిల్లు 4.4 కోట్లు. ఆ ఏడాది రేస్ 97 మ్యాచ్‌లు గెలిచింది, డివిజన్ గెలిచింది, ఫైనల్ లాంటి వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. యాంకీస్ ప్లేఆఫ్స్‌కే చేరలేదు. అంతకుముందు ఏడాది ఇదే రేస్ 96 మ్యాచ్‌లు ఓడిపోయిన జట్టు.

అప్పట్నుంచి ఈ జట్టు గురించి ఎక్కడ మాట వచ్చినా ఒకటే వివరణ వినిపిస్తుంది: వాళ్లు తెలివైనవాళ్లు, గణాంకాలు బాగా చదువుతారు, చవగ్గా దొరికే ఆటగాళ్లను ఇట్టే పసిగడతారు. అది అబద్ధమేమీ కాదు. కానీ గణాంకాలు చదివేవాళ్లు ఇప్పుడు 30 జట్ల దగ్గరా ఉన్నారు. రేస్‌లో ఆ పద్ధతి నేర్చుకున్నవాళ్లనే పెద్ద జట్లు పిలిచి పెద్ద కుర్చీల్లో కూర్చోబెట్టుకున్నాయి. అయినా రేస్ 2019లో 96, 2021లో 100, 2023లో 99 మ్యాచ్‌లు గెలిచింది. తెలివితేటలు అందరికీ వచ్చేశాక కూడా తేడా మిగిలిందంటే, అసలు కిటుకు ఇంకెక్కడో ఉండాలి. నా లెక్కలో అది కాలంలో ఉంది. పెద్ద జట్లు ఆటగాళ్లను కొంటాయి, రేస్ ఆటగాళ్ల సంవత్సరాలను కొని అమ్ముతుంది.

ఇది అర్థం కావడానికి ఆట రూల్స్ తెలియాల్సిన పని లేదు. పిచ్చర్ బంతి విసురుతాడు, హిట్టర్ కొడతాడు, అది చాలు. తెలియాల్సింది జీతాల రూల్సు.

పర్సు లేని లీగ్

ఐపీఎల్ చూసేవాళ్లకు మొదట వింతగా తోచేది ఇదే. 2025 సీజన్ మెగా వేలంలో ప్రతి జట్టుకీ ఒకటే పర్సు, 120 కోట్ల రూపాయలు. సన్‌రైజర్స్ అయినా ముంబై అయినా అంతకు మించి ఖర్చు పెట్టడానికి లేదు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అలాంటి పై గీత లేదు, కింది గీత కూడా లేదు. అమెరికాలోని నాలుగు పెద్ద లీగ్‌లలో జీతాలకు పరిమితి లేనిది ఇదొక్కటే.

ఉన్నదల్లా ఒక పన్ను. 2025లో ఒక జట్టు జీతాలు 24.1 కోట్ల డాలర్లు దాటితే, దాటిన సొమ్ము మీద లీగ్ పన్ను వేస్తుంది. మొదటిసారి 20 శాతం, వరసగా దాటుతూ పోతే 30, ఆ తర్వాత 50, మరీ ఎక్కువ దాటినవాళ్లకు అదనపు వడ్డన. దీన్ని కట్టగలిగినవాడు కట్టేస్తాడు. 2023లో న్యూయార్క్ మెట్స్ 10 కోట్ల డాలర్లకు పైగా కట్టింది. ఆ సీజన్ ఆరంభంలో రేస్ తన జట్టు మొత్తానికి ఇస్తున్న జీతాల కంటే మెట్స్ కట్టిన జరిమానా ఎక్కువ.

ఈ తేడా ప్రధానంగా టీవీ దగ్గర పుడుతుంది. దేశమంతా చూసే ప్రసారాల డబ్బు 30 జట్లకూ సమానంగా వస్తుంది. కానీ రోజువారీ మ్యాచ్‌లు చాలావరకు స్థానిక చానళ్లలోనే వస్తాయి, ఆ ఒప్పందం ఏ జట్టుకు ఆ జట్టుది. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 2013లో కుదుర్చుకున్న స్థానిక టీవీ ఒప్పందం విలువ 25 ఏళ్లకు 835 కోట్ల డాలర్లు. అప్పట్లో రేస్‌తో సహా చాలా జట్ల మ్యాచ్‌లు చూపించిన డైమండ్ స్పోర్ట్స్ కంపెనీ 2023 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది.

స్టేడియం కథ మరీ దారుణం. రేస్ ఆడే ట్రాపికానా ఫీల్డ్ టాంపాలో లేదు. అఖాతం అవతల, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. ఆఫీసు వదిలాక వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని వెళ్లి ఆట చూసి అర్ధరాత్రి ఇల్లు చేరే ఓపిక వారం మధ్యలో ఎంతమందికి ఉంటుంది? 2023లో 99 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌కి వస్తే మొదటి రోజు 19,704 మంది వచ్చారు. కోవిడ్ ఏడాదిని పక్కన పెడితే 1919 తర్వాత ప్లేఆఫ్ మ్యాచ్‌కి ఇంత తక్కువ జనం రావడం అదే. సగం సీజన్ కెనడాలోని మాంట్రియల్‌లో ఆడతామని జట్టు ఒక ప్రతిపాదన పెట్టింది, 2022 జనవరిలో లీగ్ దాన్ని తోసిపుచ్చింది. 2024 అక్టోబరులో మిల్టన్ తుపాను ట్రాపికానా కప్పును చీల్చి పారేస్తే, 2025 సీజనంతా టాంపాలో యాంకీస్ వాళ్ల శిక్షణ మైదానంలో, పదకొండు వేల సీట్ల మధ్య ఆడాల్సి వచ్చింది.

పేద జట్లకు ఊతంగా ఒక ఏర్పాటు ఉంది. ప్రతి జట్టూ తన స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి నిధిలో వేస్తుంది, ఆ నిధిని అందరూ సమానంగా పంచుకుంటారు. ఎక్కువ వేసినవాడికి తక్కువ, తక్కువ వేసినవాడికి ఎక్కువ తిరిగొస్తుంది. రేస్ ఎప్పుడూ పుచ్చుకునే వైపే. ఈ డబ్బు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాలి.

172 రోజులు

ఇక అసలు విషయం. మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన కుర్రాడు వెంటనే బజార్లో తన ధర అడగడానికి లేదు. ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా అతడు ఆ జట్టువాడే. మొదటి మూడేళ్లు జీతం ఎంతో దాదాపు జట్టే నిర్ణయిస్తుంది, లీగ్ పెట్టిన కనీస జీతానికి తగ్గకపోతే చాలు. ఆ కనీసం 2025లో 7.6 లక్షల డాలర్లు. తర్వాతి మూడేళ్లు ఆర్బిట్రేషన్: ఆటగాడు ఒక అంకె చెబుతాడు, జట్టు ఒక అంకె చెబుతుంది, రాజీ కుదరకపోతే ముగ్గురు మధ్యవర్తులు ఆ రెండింట్లో ఒకటి ఎంచుకుంటారు. మధ్యే మార్గం ఉండదు. ఏటేటా జీతం పెరుగుతుంది గానీ బజారు ధరకు చేరదు. ఆరేళ్లు నిండాకే ఫ్రీ ఏజెన్సీ, ఎవరు ఎక్కువిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. 2024 డిసెంబరులో హువాన్ సోటో మెట్స్‌తో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నది ఆ దశలోనే.

ఈ మెట్ల వల్ల ఒక విచిత్రం జరుగుతుంది. పిట్స్‌బర్గ్ పైరేట్స్ కుర్ర పిచ్చర్ పాల్ స్కీన్స్ 2025లో నేషనల్ లీగ్ అత్యుత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. ఆ ఏడాది అతని జీతం 8.75 లక్షల డాలర్లు. ఇలాంటి కుర్రాళ్లకు పంచడానికి ఏటా 5 కోట్ల డాలర్ల బోనస్ నిధి ఉంది, అందులోంచి అతనికి మంచి వాటాయే వచ్చింది. అయినా అదే స్థాయి పిచ్చర్ బజార్లో ఏడాదికి మూడు, నాలుగు కోట్లు అడుగుతాడు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీయే చిన్న జట్ల జీవనాధారం.

సర్వీసు లెక్క రోజుల్లో ఉంటుంది. సీజన్ దాదాపు 187 రోజులు, 172 రోజులు జట్టుతో ఉంటే ఏడాది పూర్తయినట్టు. ఇక్కడే ఒక సందు. కుర్రాడు ఎంత సిద్ధంగా ఉన్నా మొదటి రెండు మూడు వారాలు కింది స్థాయి మైనర్ లీగ్‌లో ఆపేస్తే ఆ ఏడాది లెక్కకు రాదు, ఆరేళ్లు కాస్తా ఏడేళ్లకు దగ్గరవుతాయి. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ చిన్న జట్టుది కాదు, షికాగో కబ్స్‌ది. 2015లో క్రిస్ బ్రయంట్‌ను సీజన్ మొదలయ్యాక ఏప్రిల్ 17న పిలిచారు. అతని సర్వీసు 171 రోజులు తేలింది. ఒక్క రోజు తక్కువ. అతడు ఫిర్యాదు చేశాడు, 2020లో ఓడిపోయాడు. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2022 ఒప్పందంలో ఈ సందును కొంత మూశారు: తొలి ఏడాది ఆటగాళ్లకిచ్చే రూకీ అవార్డు ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాడికి ఎప్పుడు పిలిచినా పూర్తి ఏడాది ఇస్తారు. 2024 మేలో వచ్చిన స్కీన్స్‌కి అలాగే దక్కింది.

ఈ లెక్కలు వంటబట్టాక రేస్ ఆఫీసులో కూర్చున్నవాడి కళ్లతో చూడండి. మీ దగ్గర ఉన్న ప్రతి ఆటగాడి నెత్తి మీదా ఒక గడియారం వెనక్కి తిరుగుతూ ఉంటుంది. మీ దగ్గర రెండు మార్గాలున్నాయి. గడియారాన్ని ముందే పొడిగించుకోవడం, లేదా అది ఆగకముందే అమ్మేయడం. రేస్ రెండూ చేస్తుంది.

పూత మీద బేరం

ఎవాన్ లాంగోరియా 2006 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, మూడో ఎంపిక. 2008 ఏప్రిల్ 12న మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడాడు. వారం తిరక్కముందే రేస్ అతనితో ఆరేళ్లకు 1.75 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. అసలు విలువ తర్వాత వచ్చే మూడు ఏళ్లలో ఉంది. వాటిని కొనసాగించాలా వద్దా అనే ఆప్షన్ జట్టు చేతిలో పెట్టుకున్నారు. అన్నీ కలుపుకున్నా తొమ్మిదేళ్లకు 5 కోట్ల లోపే.

మామిడి రైతు పూత మీదే తోటను గుత్తకిచ్చేసినట్టుంటుంది ఇది. కాయ నిలుస్తుందో రాలుతుందో తెలియదు, ఇంతని చేతికొస్తే నిశ్చింత. గుత్తకు తీసుకున్నవాడు ఆ భయాన్ని తాను మోసి, కాపు బాగా పడితే లాభమంతా తీసుకుంటాడు. లాంగోరియాకు ఆ ఏడాదే రూకీ అవార్డు వచ్చింది. కొన్నేళ్లపాటు బేస్‌బాల్‌లో జట్టుకు ఇంతగా కలిసొచ్చిన ఒప్పందం మరోటి లేదని అందరూ రాశారు. అతన్ని మోసం చేశారా? అలా అనలేం. చేతికి గాయమైతే రేపు ఏమిటన్న భయం 22 ఏళ్లవాడికి నిజమైన భయమే. ఆ భయానికి ధర కట్టడం రేస్‌కి బాగా తెలుసు, అంతే.

అదే బాటలో 2014లో పిచ్చర్ క్రిస్ ఆర్చర్‌కి ఆరేళ్లకు 2.55 కోట్లు, 2019లో బ్రాండన్ లౌకి ఆరేళ్లకు 2.4 కోట్లు, చివర్లో జట్టు చేతిలో రెండేసి ఆప్షన్లు. అదే 2019లో, సై యంగ్ గెలిచి వచ్చిన బ్లేక్ స్నెల్‌కి ఐదేళ్లకు 5 కోట్లు.

ఎప్పుడూ కాయ నిలవదు. 2021 నవంబరులో వాండర్ ఫ్రాంకో అనే 20 ఏళ్ల షార్ట్‌స్టాప్‌కి (అదొక ఫీల్డింగ్ స్థానం), 70 మ్యాచ్‌లు ఆడాక, 11 ఏళ్లకు 18.2 కోట్లు రాసిచ్చారు. జట్టు చరిత్రలో అతి పెద్ద ఒప్పందం. 2023 ఆగస్టులో అతని మీద మైనర్ బాలికకు సంబంధించిన ఆరోపణలు బయటికి వచ్చాయి, డొమినికన్ రిపబ్లిక్‌లో క్రిమినల్ కేసు నడిచింది. ఆ నెల తర్వాత అతడు రేస్‌కి ఆడలేదు. ఇంత తక్కువ డబ్బుతో నడిచే జట్టు పదేళ్ల ప్రణాళికను ఒక్క మనిషి చుట్టూ అల్లుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

ఒప్పందం రాసుకున్నంత మాత్రాన ఆటగాడు చివరిదాకా ఉంటాడని కాదు. లాంగోరియాకే 2012లో మరో 10 కోట్లు కలిపి 2022 దాకా పొడిగించారు, జీవితాంతం రేస్‌లోనే అన్నట్టు మాట్లాడారు. 2017 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకి పంపేశారు. ఆ నెలే ఎందుకు? లీగ్‌లో పదేళ్లు, ఒకే జట్టుతో ఐదేళ్లు నిండిన ఆటగాడిని అతని సమ్మతి లేకుండా బదిలీ చేయకూడదని రూలు. లాంగోరియాకు ఆ హక్కు 2018 సీజన్ మొదట్లో, ఏప్రిల్‌లో వస్తుంది. నాలుగు నెలల ముందు అమ్మేశారు.

బయటి నుంచి తెచ్చుకున్నవాళ్ల విషయంలోనూ ఇదే పద్ధతి. 2022 డిసెంబరులో పిచ్చర్ జాక్ ఎఫ్లిన్‌ను మూడేళ్లకు 4 కోట్లతో తెచ్చారు. ఫ్రీ ఏజెంట్‌కి రేస్ ఎప్పుడూ అంత ఇవ్వలేదు, పత్రికలు ఆశ్చర్యపోయాయి. ఒప్పందం విడగొట్టి చూస్తే ఆశ్చర్యం కాస్త తగ్గుతుంది: మొదటి ఏడాది 1.1 కోట్లు, రెండో ఏడాది 1.1, మూడో ఏడాది 1.8. మూడో ఏడాది రాకముందే, 2024 జూలైలో, బాల్టిమోర్‌కి ఇచ్చేశారు.

2003 నాటి ఒక్క ఎంపిక

అమ్మకాల వైపు చూడాలంటే ఒక గొలుసు చెబుతాను. నాకు ఈ జట్టు అర్థమైంది దీన్ని కాగితం మీద గీసుకున్నాకే.

2002లో ఘోరంగా ఓడిన రేస్‌కి 2003 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక దక్కింది. అప్పటికి జట్టు పేరు డెవిల్ రేస్. డెల్మన్ యంగ్ అనే హిట్టర్‌ను తీసుకున్నారు. 2007లో అతడు రూకీ అవార్డు ఓటింగ్‌లో రెండోవాడు, వయసు 22. ఎవరైనా అతన్ని దాచుకుంటారు. రేస్ ఆ నవంబరులోనే మిన్నెసోటాకి పంపి పిచ్చర్ మాట్ గార్జా, షార్ట్‌స్టాప్ జేసన్ బార్ట్‌లెట్‌లను తెచ్చుకుంది. మరుసటి ఏడాది జట్టును వరల్డ్ సిరీస్‌కి చేర్చిన సిరీస్‌లో గార్జాయే అత్యుత్తమ ఆటగాడు. 2010 జూలైలో రేస్ చరిత్రలో మొదటి నో-హిట్టర్, ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్, అతడు విసిరిందే.

2011 జనవరిలో గార్జా జీతం పెరిగే వేళకు షికాగో కబ్స్‌కి ఇచ్చారు. ప్రతిగా వచ్చిన ఐదుగురిలో క్రిస్ ఆర్చర్ ఒకడు. ఆర్చర్ రెండుసార్లు ఆల్-స్టార్ అయ్యాడు, అంటే ఏటా ఎంచే మేటి ఆటగాళ్ల జట్టులో చోటు సంపాదించాడు. 2018 జూలై 31న, జట్లు ఆటగాళ్లను మార్చుకునే ట్రేడింగ్ గడువు చివరి రోజున, అతన్ని పైరేట్స్‌కి ఇచ్చి ముగ్గురిని తెచ్చారు: పిచ్చర్ టైలర్ గ్లాస్నో, హిట్టర్ ఆస్టిన్ మెడోస్, ఇంకా మైనర్ లీగ్‌లో ఉన్న పిచ్చర్ షేన్ బాజ్. ఆర్చర్ పిట్స్‌బర్గ్‌లో గాయాలతో చతికిలబడ్డాడు. పైరేట్స్ అభిమానుల దగ్గర ఈ బేరం ప్రస్తావన తేవడం ఇప్పటికీ అంత మంచిది కాదు. అది కూడా చిన్న జట్టే, అక్కడే ఉంది విషాదం.

మెడోస్ 2019లో 33 హోమ్ రన్లు కొట్టాడు. 2022 ఏప్రిల్‌లో అతన్ని డెట్రాయిట్‌కి ఇచ్చి ఐజాక్ పరేదెస్‌నూ ఒక డ్రాఫ్ట్ ఎంపికనూ తీసుకున్నారు. పరేదెస్ 2023లో 31 హోమ్ రన్లు కొట్టి, 2024 జూలైలో ఆల్-స్టార్ అయి, అదే నెలలో కబ్స్‌కి వెళ్లిపోయాడు. గ్లాస్నో 2024లో 2.5 కోట్లు అందుకోవాల్సి ఉండగా, 2023 డిసెంబరులో డాడ్జర్స్‌కి వెళ్లాడు. డాడ్జర్స్ అతనికి ఐదేళ్లకు 13.65 కోట్లు ఇచ్చింది. రేస్‌కి రయన్ పెపియో అనే పిచ్చర్ వచ్చాడు. అతని గడియారం అప్పుడే మొదలైంది, జీతం కనీసం దగ్గరే. 2003లో ఒక కుర్రాడి మీద పెట్టిన ఎంపిక 2025లో కూడా మైదానంలో పిచ్ చేస్తోందన్నమాట.

గొలుసులో ప్రతి ముడి దగ్గరా జరిగింది ఒకటే. ఆటగాడు బాగా ఆడుతున్నప్పుడు, గడియారంలో ఇంకా ఏళ్లు మిగిలున్నప్పుడు అమ్మారు. ఆ మిగిలిన ఏళ్లే కొనేవాడికి సరుకు. గడియారం ఆగేదాకా ఉంచుకుంటే ఆటగాడు వెళ్లిపోతాడు, డ్రాఫ్ట్‌లో ఒక అదనపు ఎంపిక దక్కితే దక్కుతుంది. మిగిలిన కొన్నేళ్లను ఇచ్చి, ఎదుటివాడి దగ్గర్నుంచి ఆరేళ్ల కుర్రాళ్లను ఇద్దరు ముగ్గురిని తెచ్చుకోవడమే ఈ వ్యాపారం.

చివరి ముడులు అన్నీ గట్టిగా పడలేదు. పరేదెస్‌కి బదులుగా వచ్చిన క్రిస్టఫర్ మోరెల్ బ్యాటింగ్ నిరాశపరిచింది. ఈ పద్ధతిని దైవలీలలా రాసే వ్యాసాల్లో ఇలాంటివి కనిపించవు.

నలభై కుర్చీలు

మైదానంలో కనిపించేది 26 మంది. వెనక 40 మంది జాబితా ఉంటుంది. మైనర్ లీగ్‌లో నాలుగైదేళ్లు గడిపిన కుర్రాడిని ఆ 40లో చేర్చకపోతే డిసెంబరులో రూల్ 5 డ్రాఫ్ట్ పేరుతో మరో జట్టు ఎగరేసుకుపోవచ్చు. కుర్రాళ్లను గుట్టలుగా పోగేసే రేస్‌కి ఏటా నవంబరు వస్తే టెన్షన్: మంచివాళ్లు యాభై మంది, కుర్చీలు నలభై.

ఎక్కువైన వాళ్లను ముందే ఎవరికో ఇచ్చేసి, ఇంకా ఏళ్లు మిగిలున్న చిన్నవాళ్లను తెచ్చుకుంటారు. 2019 నవంబరులో క్రిస్టఫర్ సాంచెజ్ అనే పిచ్చర్‌ను ఫిలడెల్ఫియాకి ఇచ్చి కర్టిస్ మీడ్ అనే కుర్ర హిట్టర్‌ను తెచ్చారు. అప్పట్లో అదొక చిన్న వార్త. సాంచెజ్ 2025 సై యంగ్ ఓటింగ్‌లో స్కీన్స్ తర్వాత రెండో స్థానంలో నిలిచాడు. మీడ్ రేస్‌లో కుదురుకోలేక అదే ఏడాది వేరే జట్టుకి వెళ్లాడు. 2021లో సీజన్ చివరి రెండు నెలల కోసం నెల్సన్ క్రూజ్‌ను తెచ్చుకుని ఇచ్చేసిన జో రయన్ కూడా మిన్నెసోటాలో ముఖ్యమైన పిచ్చర్ అయ్యాడు. ఆర్చర్ బేరం గురించి పది వ్యాసాలొస్తే వీటి గురించి ఒక్కటి వస్తుంది.

40లో ఉన్నవాడిని మూడు సీజన్లపాటు కిందికీ పైకీ తిప్పే వెసులుబాటు జట్టుకుంటుంది, దాన్నే ఆప్షన్ ఏళ్లంటారు. నిన్న రాత్రి 30 బంతులేసి అలసిన పిచ్చర్‌ను నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో ఉన్న తన మైనర్ లీగ్ జట్టుకి పంపి, అక్కడ్నుంచి తాజా భుజమున్నవాడిని పిలిపించడం రేస్‌కి నిత్యకృత్యం. ఆ కుర్రాడి కోణంలో చూస్తే ఊరు మారిన రోజల్లా జీతం మారుతుంది, సర్వీసు రోజులు ఆగిపోతాయి. మరీ శ్రుతి మించడంతో 2022 ఒప్పందంలో ఏడాదికి ఐదుసార్ల కంటే ఎక్కువ కిందికి పంపకూడదని రాసుకున్నారు.

2018 మే 19న సెర్జియో రోమో అనే, మామూలుగా మ్యాచ్ మధ్యలో దిగే రిలీఫ్ పిచ్చర్‌ను మొదటి ఇన్నింగ్స్‌కి దింపి ముగ్గురినీ అవుట్ చేయించి తీసేశారు. మర్నాడు మళ్లీ అతన్నే దింపారు. దీనికి ఓపెనర్ అని పేరొచ్చింది, ఇతర జట్లు కాపీ కొట్టాయి. వ్యూహంగా దీని మీద చాలా రాశారు. జీతం కోణం తక్కువ మంది చూశారు: ఆర్బిట్రేషన్‌లో పిచ్చర్ ధర ఎన్ని ఇన్నింగ్స్ వేశాడు, ఎన్ని మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, చివర్లో వచ్చి ఎన్ని గెలుపులు కాపాడాడు అన్నదాన్ని బట్టి పెరుగుతుంది. ఒకడి పనిని నలుగురికి పంచితే ఎవరి అంకే పెద్దగా కనిపించదు.

స్నెల్‌ని తీసేసిన రాత్రి

2020 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. ఎదుట డాడ్జర్స్. దాన్ని నడుపుతున్నది ఆండ్రూ ఫ్రీడ్‌మన్. 2014 దాకా రేస్‌ను కట్టింది ఆయనే, ఆ తర్వాత అదే బుర్రకు లాస్ ఏంజెలెస్ డబ్బు తోడైంది. ఆ రాత్రి స్నెల్ అద్భుతంగా వేస్తున్నాడు. ఆరో ఇన్నింగ్స్‌కి 73 బంతులు, 9 స్ట్రైకవుట్లు, ఇచ్చిన హిట్లు రెండే, రేస్ 1-0 ముందుంది. మేనేజర్ కెవిన్ క్యాష్ వచ్చి బంతి తీసేసుకున్నాడు. పిచ్చర్ మూడోసారి అదే హిట్టర్లను ఎదుర్కొంటే దెబ్బతింటాడన్నది సగటు లెక్క. తర్వాత వచ్చిన పిచ్చర్ నిక్ ఆండర్సన్‌ను డాడ్జర్స్ హిట్టర్ మూకీ బెట్స్ డబుల్‌తో, అంటే రెండు బేస్‌ల దెబ్బతో, పలకరించాడు. రేస్ 3-1తో ఓడింది.

ఆ నిర్ణయం మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నేను తప్పనే అంటాను. 162 మ్యాచ్‌ల మీద గీసిన సగటు ఆ రాత్రి ఆ భుజానికి వర్తించాలని లేదు. కానీ నాకు ఆసక్తి కలిగించేది రెండు నెలల తర్వాత జరిగింది. డిసెంబరు చివర్లో స్నెల్‌ని శాన్‌డియెగోకి ఇచ్చేశారు. అతని ఒప్పందంలో ఇంకా మూడేళ్లు, దాదాపు 4 కోట్లు మిగిలున్నాయి. ఆ స్థాయి పిచ్చర్‌కి అది బజారు ధర కంటే చవక. ఫైనల్ ఓడిన జట్టు సాధారణంగా ఇంకొకడిని తెచ్చుకుంటుంది. ప్రతిగా వచ్చిన నలుగురిలో ఎవరూ రేస్‌లో స్టార్ కాలేదు. అయినా మరుసటి ఏడాది జట్టు 100 మ్యాచ్‌లు గెలిచింది. తర్వాత ప్లేఆఫ్స్ మొదటి మెట్టులోనే బోస్టన్ చేతిలో ఇంటిముఖం పట్టింది.

రేస్ పద్ధతిలో ఉన్న చిక్కు ఇక్కడ బయటపడుతుంది. లోతైన జట్టు ఆరు నెలల సీజన్‌లో గెలిపిస్తుంది. అక్టోబరులో వారం రోజుల సిరీస్‌కి కావాల్సింది వరసగా రెండు రాత్రులు ఎదుటివాడిని మూసేసే ఒకరిద్దరు. వాళ్లను సరిగ్గా ధర పెరిగే వేళకు అమ్మేసే జట్టు ఇప్పటిదాకా ఒక్క వరల్డ్ సిరీస్ కూడా గెలవలేదు.

డబ్బు లేదా, ఖర్చు పెట్టరా

గుర్తుపెట్టుకోమన్న ఉమ్మడి నిధి దగ్గరికి వద్దాం. ఆ సొమ్మును జట్టు బాగుకే వాడాలని నిబంధన. 2018 ఫిబ్రవరిలో ఆటగాళ్ల సంఘం నాలుగు జట్ల మీద ఫిర్యాదు చేసింది: ఓక్లాండ్, మయామి, పిట్స్‌బర్గ్, టాంపా బే. వచ్చిన వాటాను సరిగా ఖర్చు పెట్టడం లేదన్నది ఆరోపణ.

జట్ల ఖాతాలు బయటికి రావు కాబట్టి ఏడాది లాభమెంతో తేల్చడం కుదరదు. ఆస్తి విలువ మాత్రం దాగదు. స్టూవర్ట్ స్టెర్న్‌బర్గ్ 2005లో జట్టు పగ్గాలు తీసుకున్నప్పుడు పెట్టిన ధర దాదాపు 20 కోట్ల డాలర్లని అంచనా. 2025లో ప్యాట్రిక్ జలుప్‌స్కీ బృందానికి అమ్మింది దాదాపు 170 కోట్లకని వార్తలొచ్చాయి. కప్పు ఎగిరిపోయిన స్టేడియం, నిండని సీట్లు, దివాలా తీసిన టీవీ భాగస్వామి, ఇవన్నీ ఉండగానే ఆ ధర పలికింది. "మా ఊరు చిన్నది" అనే మాట జీతాల విషయంలో నిజమైనంతగా యజమాని సంపద విషయంలో నిజం కాదు. రేస్ ఆఫీసులో పనిచేసేవాళ్ల నైపుణ్యాన్ని మెచ్చుకుంటూనే, ఆ నైపుణ్యం ఎవరి ఖర్చును తగ్గిస్తోందో అడగాలి.

మూల్యం చెల్లించే మరొకరు అభిమాని. పదేళ్ల పిల్లాడు తన ఆటగాడి పేరున్న జెర్సీ కొనుక్కుంటే అది రెండు మూడేళ్లకు పాతబడుతుంది. ఆట వ్యసనం అయ్యేది ఆటగాడి వల్ల. ఆఫీసు చేసిన తెలివైన బేరాన్ని చూసి ఎవరూ వంతెన దాటి రారు. జనం రాకపోవడానికి స్టేడియం ఒక్కటే కారణం కాదని నేననుకుంటాను. అయితే జనం రాక ఆదాయం లేదని అమ్ముతారు, అమ్ముతారు కాబట్టి జనానికి మమకారం పుట్టదు. ఏది ముందో తేల్చలేని ఈ చక్రాన్ని కొత్త యజమానులు ఎక్కడ తెంపుతారో చూడాలి. తొలి చలికాలం మాత్రం పాత బాటలోనే నడిచింది. 2025 నవంబరులో మ్యాచ్ చివర్లో దిగే క్లోజర్ పిచ్చర్ పీట్ ఫెయిర్‌బ్యాంక్స్ ఆప్షన్‌ను వద్దన్నారు, డిసెంబరులో బ్రాండన్ లౌని పైరేట్స్‌కి ఇచ్చారు.

లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఇప్పుడున్న ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. జీతాలకు పరిమితి పెట్టాలన్న కోరిక యజమానుల్లో బలంగా ఉంది. ఆ పేరెత్తితేనే సంఘం ఒప్పుకోదు. 1994లో ఇదే గొడవకు సమ్మె చేస్తే ఆ ఏడాది వరల్డ్ సిరీసే రద్దయింది. పై గీత వస్తే దానితోపాటు కింది గీత కూడా రాకతప్పదు, అప్పుడు రేస్‌లాంటి జట్లు ఇప్పటికంటే ఎక్కువ ఖర్చు పెట్టాల్సి వస్తుంది. అందరి చూపూ ఆ గీతల మీదే ఉంది. కానీ 2021 చర్చల్లో సంఘం అడిగి వదులుకున్నది ఇంకోటుంది: ఆర్బిట్రేషన్ మూడేళ్లకు బదులు రెండేళ్లకే రావాలని, ఫ్రీ ఏజెన్సీ కొందరికైనా ఆరేళ్లకు బదులు ఐదేళ్లకే దక్కాలని. డాడ్జర్స్‌కి దానివల్ల పెద్ద నష్టం లేదు, బజార్లోకి సరుకు ముందే వస్తుంది. రేస్‌కి మాత్రం చేతిలో ఉన్న ప్రతి ఆటగాడి నుంచీ ఒక ఏడాది తగ్గిపోతుంది. అది కూడా చివరి ఏడాది, అమ్మకానికి పెట్టే ఏడాది.